దమయంతి ఇంటి మంచినీళ్ళు

డిసెంబరు 9, మంగళవారం

సుస్మిత వచ్చింది. నేను రిటైరైన చాలా ఏళ్ళకి మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి చేరిన అమ్మాయి. ఇక్కడ పలాసలో శని, ఆదివారాలు కాన్ఫరెన్స్ పెడుతున్నారట. కోస్తా జీవితం, తెలుగు నవల. సముద్రం దగ్గర్లో ఉందన్న ఒక్క కారణం చాలు మనవాళ్ళకి. సోమవారం డెలిగేట్లకి సైట్‌సీయింగ్. తేలినీలాపురం పక్షులు, నౌపడ ఉప్పుమడులు, భావనపాడులో భోజనం, చివర్న మా ఊరు.

మా ఊళ్ళో చూడటానికి ఏముందమ్మా అన్నాను. అదేంటి సార్, 'జీడిమరక' నవల పుట్టిన ఊరు కదా అంది. ముఖ్య అతిథి, అది రాసిన వైకుంఠరావు గారే. ఆయన మీ క్లాస్‌మేట్ అట, బస్సులో గైడుగా మీరుంటే చాలా బాగుంటుంది సార్ అంది.

ఉంటానన్నాను. సంతోషపడి వెళ్ళిపోయింది. డెబ్భై ఆరేళ్ళ మొహంలో మర్యాద, పగ ఒక్కలాగే కనిపిస్తాయి కాబోలు.

డిసెంబరు 10, బుధవారం

కోపంలో వరస తప్పుతుంది. అందుకని రాసి పెట్టుకుంటున్నాను.

1989లో మా తమ్ముడు సన్యాసిరావు పోయాడు. ముప్ఫై ఏడేళ్ళు. కాళ్ళు వాచాయి, మొహం ఉబ్బింది, అన్నం చూస్తే వాంతి. ఏ డాక్టరూ ఇదీ అని చెప్పలేదు. ఉద్దానంలో అప్పటికి ఆ జబ్బుకి పేరు లేదు. కారణం ఇవాళ్టికీ తేలలేదు. అది కిడ్నీ అని మాకు తెలిసేసరికి వీధికి ఇద్దరు ముగ్గురు వెళ్ళిపోయారు.

వాడు మంచం మీద ఉన్నప్పుడే వైకుంఠరావు వచ్చాడు. యూనివర్సిటీలో నా రూమ్మేటు. నవలకి మెటీరియల్ కావాలన్నాడు. పది రోజులు మా ఇంట్లో ఉన్నాడు. దమయంతి వండిన చేపల పులుసు తిన్నాడు, దమయంతి ముంచి ఇచ్చిన నీళ్ళు తాగాడు. దమయంతి మా తమ్ముడి భార్య. అంతకన్నా ముందు మా మేనత్త కూతురు. చిన్నప్పటి నుంచి నన్ను బావా, నువ్వూ అనే పిలిచేది. పెళ్ళయ్యాకా ఆ పిలుపు మారలేదు.

రెండేళ్ళకి వారపత్రికలో సీరియల్ మొదలైంది. మా ఊరికి వేరే పేరు పెట్టాడు. దమయంతికీ వేరే పేరు. ఆమె ముక్కు పక్కన పుట్టుమచ్చ మాత్రం అలాగే ఉంది. పెరట్లో గిలక విరిగిన నుయ్యి అలాగే ఉంది. నవలలో ఆ ఇల్లాలు మొగుడు తాగే బిందెలో రోజూ రెండు చుక్కల జీడిపిక్కల నూనె కలుపుతుంది. కాళ్ళు వాచి, మొహం ఉబ్బి, అన్నం చూస్తే వాంతి వచ్చి వాడు చస్తాడు. ఆమెలోని అణచివేతకు గురైన స్త్రీని గొప్పగా ఆవిష్కరించాడని విమర్శకులు రాశారు. అవార్డు వచ్చింది. నేను ఖండిస్తూ పదకొండు పేజీలు రాసి పంపితే ఆ ఎడిటరు మహానుభావుడు ఉత్తరాల శీర్షికలో నాలుగు లైన్లు వేశాడు. అందులో రెండు నవలని మెచ్చుకుంటున్నట్టు ఉన్నాయి.

మా ఊళ్ళో అప్పుడు పత్రిక చదివేవాళ్ళు నలుగురు. చాలు. ఎవరూ దమయంతిని పల్లెత్తు మాట అనలేదు. ఆమె ఇంట్లో మంచినీళ్ళు తాగడం మానేశారు, అంతే. ఎవరైనా వస్తే, నీల్లెందుకే పిల్లా, ఓ బొండం కొట్టీ అంటారు. బొండం కళ్ళ ముందే కొడతారు. లోపలికి ఎవరి చెయ్యీ పోదు. మర్యాద మర్యాదగా ఉంటుంది, భయం భయంగా ఉంటుంది. ఉద్దానంలో కొబ్బరికి లోటు లేదు కదా. కిడ్నీ జబ్బని తెలిశాక కూడా, నవల పేరుని ఊరు మరిచిపోయాక కూడా ఆ రివాజు పోలేదు. తిత్లీ తుఫానుకి చెట్లన్నీ పడిపోయి బొండాలు లేని రోజుల్లో ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు.

సోమవారం ఆ గడప ముందు, నలభై మంది డెలిగేట్ల ముందు, ఆ బిందె పేజీ పైకి చదువుతాను. దమయంతిని చూపించి, ఈవిడేనా అని అడుగుతాను. ఎటూ నలభై ఫోన్లు వాడి మీదికి తిరిగి ఉంటాయి.

డిసెంబరు 11, గురువారం

ఊరికి వెళ్ళి దమయంతికి చెప్పాను. ఆమెకీ అదే జబ్బు. ఆగస్టు నుంచి డయాలిసిస్. మంగళ, శుక్రవారాలు పలాస ఆసుపత్రికి వస్తుంది. ఎంత నీళ్ళు తాగాలో డాక్టరు కొలత పెట్టాడు. పొద్దున్నే ఒక సీసాలో పోసుకుని రోజంతా దాన్ని చూసుకుంటూ బతుకుతుంది.

నేను చెప్పిందంతా విని, ఇన్నేల్లకి ఆ పుత్తకం మల్లీ నా గుమ్మంలో సదువుతావేటి బావా అంది. తెలీనోల్లకి కూడా తెలిసీసేట్టు.

వాడి పరువు తీయాలి కదా అన్నాను.

ఆడి పరువుతో నాకేటి పని అంది. తర్వాత అసలు మాట చెప్పింది. నాను ఎన్నాల్లుంతానో తెలీదు. రేపు నాను పోతే పెద్దకర్మకి చిట్టిబాబు వంట సేయిత్తాడు. ఊరు వొత్తాది, కూకుంతాది, ఎవలూ ముద్ద నోట్లో ఎట్టరు. ఈ ఇంటి నీల్లతో వొండినది గదా. నా కొడుకు ఇస్తర్లన్నీ ఎత్తి గోతిలో పారబొయ్యాల. అది తలుసుకుంతే నాకు సూదులు గుచ్చినప్పుడు కూడా రాని నొప్పి వొత్తంది.

చిట్టిబాబు ఆమె కొడుకు. తుఫాను వదిలిన తోట చూసుకుంటున్నాడు.

ఆమెకి కావలసింది ఒక్కటే. రాసినోడు ఊరు సూత్తండగా నా ఇంట మంచినీల్లు తాగాల. ఆడే తాగితే ఇంకెవలికి బయం ఉంతాది అంది.

మా తమ్ముడు బతికుంటే ఏమనేవాడో. బహుశా ఆమె చెప్పినట్టే చెయ్యమనేవాడు. వాడెప్పుడూ ఆమె మాటే.

పుస్తకం సంచిలోంచి తీసి పెట్టెలో పెట్టేశాను.

డిసెంబరు 13, శనివారం

వైకుంఠరావు ఎ.సి. కారులో దిగాడు. జుట్టుకి రంగు లేదు, అది ఇప్పటి ఫ్యాషను. ఒరే తిరుమలా అని కావలించుకున్నాడు. శాలువా సువాసన. గంటంపావు మాట్లాడాడు. మట్టి, చెమట, మూలాలు. మట్టి అనే మాట ఇన్నిసార్లు అన్నవాడి చెప్పులకి మట్టి లేదు.

టీ బ్రేకులో చూశాను. వాడి పక్కన వాడి సొంత వాటర్ బాటిళ్ళ కేసు. హోటల్లో పళ్ళు తోముకోవడానికి కూడా అవే వాడాడట. సుస్మిత నవ్వుతూ చెప్పింది. ఉద్దానం నీళ్ళంటే భయం.

సాయంత్రం సుస్మిత మైకులో ప్రకటించింది. సోమవారం టూరులో గ్రామాల్లో ఎవరు ఇచ్చినా నీళ్ళు తాగవద్దు, బస్సులో బాటిళ్ళు ఉంటాయి, కావాలంటే లేత కొబ్బరిబొండాలు తాగండి, సేఫ్. అందరూ చప్పట్లు కొట్టారు. వైకుంఠరావు అందరికన్నా గట్టిగా కొట్టాడు.

అంటే సోమవారం దమయంతి గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. వాడు ఊరందరి ముందు, వద్దమ్మా, బొండం చాలు అంటాడు. కిడ్నీ భయంతోనే అంటాడు. ఊరికి మాత్రం తెలిసిన అర్థం ఒక్కటే. ముప్ఫై నాలుగేళ్ళ నుంచి అదే మాట ఆ గుమ్మంలో అంటున్నారు కదా. రాసినోడే తాగలేదంటారు. ఇక చచ్చాక కాదు, సోమవారమే అయిపోతుంది.

నేను ముందే వాడికి చెప్పొచ్చు. చెప్తే తాగుతాడేమో. తాగితే దమయంతికి ఊరు దక్కుతుంది. వాడికి వీడియో దక్కుతుంది, మహా రచయిత, మహా మనిషి. చెప్పకపోతే వాడి పిరికితనం నలభై ఫోన్లలో ఎక్కుతుంది. నేను ఇన్నేళ్ళు కోరుకున్నది అదే.

డిసెంబరు 14, ఆదివారం

చెప్పలేదు. రెండుసార్లు పక్కన కూర్చున్నాడు. చెప్పలేదు.

డిసెంబరు 15, సోమవారం. ఉదయం 9.40

తేలినీలాపురం. బస్సులో కూర్చుని రాస్తున్నాను. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. కింద ఒక ముసలామె నాతో, ఇవి మా ఆడపిల్లలు బాబూ, పురుడు పోసుకోడానికి వొత్తాయి అంది. వైకుంఠరావు పక్కనే ఉన్నాడు. పది నిమిషాల తర్వాత అదే మాట మైకులో తన మాటగా చెప్పాడు. అందరూ ఆహా అన్నారు. ఈయన నవలలు ఎలా రాస్తాడో చూడాలనుకునేవాళ్ళకి ఇంతకన్నా సైట్‌సీయింగ్ లేదు.

11.30

నౌపడ. ఉప్పు గుట్టలు. కళ్ళు జిగేలుమంటున్నాయి. ఇక్కడ మనుషులు ఎండని పోగేస్తారురా అన్నాడు నాతో, మైకు లేకుండా. మంచి వాక్యం. ఒప్పుకోక తప్పదు. అదే నాకు వీడి మీద ఉన్న అసలు కోపం. చేతకానివాడు రాసుంటే దమయంతిని ఎవరూ అనుమానించేవాళ్ళు కాదు.

1.50

భావనపాడు. చెప్పేశాను.

అందరూ భోజనాల దగ్గర ఉన్నారు. వాడు రొయ్యల వేపుడు మూడోసారి వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని, ఎండు చేపల వాసన పడక ఒడ్డు మీదికి వచ్చాడు. పైకి లాగిన పడవ నీడలో నిలబడ్డాం. ఊరిలో నీ కోసం ఒక మనిషి ఎదురుచూస్తోంది, దమయంతి అన్నాను. ఎవరు అన్నాడు. నిజంగానే గుర్తులేదు. పుట్టుమచ్చ అన్నాను. అప్పుడు గుర్తొచ్చింది.

నవల వేరు, మనిషి వేరురా అన్నాడు. పుట్టుమచ్చ కూడా వేరేనా అన్నాను.

నీళ్ళ సంగతి మొత్తం చెప్పాను. బొండం సంగతి, పెద్దకర్మ సంగతి. అడుక్కున్నాను. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా అదే మాట. అడుక్కున్నాను.

వాడు ఫోన్ తీసి తన కిడ్నీ రిపోర్టు చూపించాడు. క్రియాటినిన్ 1.6. ఉద్దానంలో ఇంత తక్కువ నంబరు వస్తే దేవుడికి కొబ్బరికాయ కొడతారు. ఇప్పుడు కుళాయి నీళ్ళు, ఎక్కడో రిజర్వాయరు నుంచి వస్తున్నాయి అన్నాను. ఆ గొట్టాలు ఈ మట్టిలోంచే కదా వచ్చేది అన్నాడు. రెండు రోజులు మైకులో కీర్తించిన మట్టి. అప్పట్లో పది రోజులు అవే తాగావు కదా అన్నాను. అందుకే ఇవాళ 1.6 ఏమో అన్నాడు. నవ్వు వచ్చింది, నవ్వలేదు.

తర్వాత బేరం పెట్టాడు. ఒక బాటిల్ నీళ్ళు లోపలికి పట్టుకెళ్ళు, ఆవిడ గ్లాసులో అవి పోసి తెమ్మను, అందరి ముందు గటగటా తాగేస్తా, ఆవిడ పనీ అయిపోతుంది, నా ప్రాణానికీ హాయి. బాటిల్ నా చేతిలో పెట్టాడు.

తీసుకున్నాను.

సాయంత్రం 6.30, ఇంట్లో

వరసగా రాస్తాను.

బస్సు ఆగేసరికి ఊరంతా దమయంతి ఇంటి ముందు ఉంది. పక్కింటి బొడ్డమ్మ చీర మార్చుకుని వచ్చింది. నలభై బొండాలు గెలలతో సహా తెచ్చి అరుగు మీద పెట్టించింది. సుస్మిత ఆమెకి దండం పెట్టి థాంక్స్ చెప్పింది. ఈ ఇంట బొండమే రివాజమ్మా అంది బొడ్డమ్మ. వెనక ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. దమయంతి లోపల ఉంది.

నేను వంటింట్లోకి వెళ్ళాను. స్టీలు బిందె తోమి పెట్టింది, పక్కన గ్లాసు. బాటిల్ చూపించి వైకుంఠరావు మాట చెప్పాను. వింటూ ఉంది. బాటిలు నీల్లు తాగితే నా ఇంట తాగినట్టేటి బావా, కొట్టు కాడ తాగినట్టు అంది. అప్పుడే బొడ్డమ్మ కత్తి కావాలని వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దమయంతి ఆమెని చూసి కూడా ఆగలేదు. బిందె మూత తీసి గ్లాసు ముంచింది. నువ్వు ఆడికి ఏటి సెప్పుకుంతావో నీ ఇట్టం అని నాతో అని, ముందుకి నడిచింది. బాటిల్ నా చేతిలోనే ఉండిపోయింది. చొక్కా కింద దాచుకుని వెనకే వెళ్ళాను. ఈ వయసులో దొంగతనం.

వైకుంఠరావు అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. చిట్టిబాబు కొట్టిన బొండం ఎవరో అప్పటికే వాడి చేతికి ఇస్తున్నారు. వాడి చెయ్యి దాని మీద పడింది. దమయంతి గ్లాసు చాచింది. దాహం తీర్సుకో బాబూ, ఎప్పుడో తాగినావు మా ఇంట అంది. గట్టిగానే అంది.

డెలిగేట్లకి ఏమీ తెలియదు, వాళ్ళు ఫోన్లు పట్టుకున్నారు. ఊరికి తెలుసు. ఊరు వాడి చెయ్యి చూస్తోంది. వాడు గ్లాసు చూడలేదు. నన్ను చూశాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు నా వైపు అంత నమ్మకంగా చూడటం అదే మొదలు.

తల ఊపాను.

బొండం పక్కన పెట్టి గ్లాసు అందుకున్నాడు. ఆగకుండా తాగేశాడు. మూతి తుడుచుకున్నాడు. అమృతం అన్నాడు. ఒక్క క్షణం నాకు వాడి మీద జాలి లాంటిది కలిగింది, తర్వాత వాడు మైకు అడిగాడు. నా నవలకి ప్రాణం పోసిన ఇల్లాలు, రచయిత రుణం, తల్లి చేతి నీళ్ళు, ఏవేవో. సుస్మిత కళ్ళు తుడుచుకుంది.

బొడ్డమ్మ, తాగీసినాడు, పెద్దోల్లకేటి, ఏదైనా అయితే ఇసాపట్నంలో ఆసుపత్రులున్నాయి అంది. ఆమె దమయంతిని నీళ్ళు అడగలేదు. ఎవరూ అడగలేదు. అందరూ బొండాలే తాగి వెళ్ళారు.

బస్సు కదిలేటప్పుడు దమయంతి గుమ్మంలో నిలబడే ఉంది, ఖాళీ గ్లాసుతో.

డిసెంబరు 16, మంగళవారం

వీడియో లక్ష మంది చూశారట. 'తన పాత్ర చేతి నీళ్ళు తాగిన రచయిత' అని దానికి పేరు. నన్ను ఎవరో సగానికి కత్తిరించారు. ఒక చెవి, కళ్ళజోడు ఉన్నాయి.

డిసెంబరు 17, బుధవారం

సుస్మిత ఫోన్. వైకుంఠరావు గారికి నిన్న రాత్రి నుంచి వాంతులు, విరేచనాలట. విశాఖపట్నంలో సెలైను ఎక్కిస్తున్నారట. మూడు ప్లేట్ల రొయ్యలమ్మా అన్నాను. అదే అనుకుంటున్నాం సార్ అంది. అనుకుంటున్నట్టు లేదు ఆ గొంతు.

డిసెంబరు 18, గురువారం. మధ్యాహ్నం

వీడియో కింద కామెంట్లు చదివాను. చదవకూడదు. ఎవరో వాడు ఆసుపత్రిలో ఉన్న ఫోటో పెట్టారు. నవల చదివినవాళ్ళు మొదలెట్టారు. మళ్ళీ రెండు చుక్కలు వేసిందా అని ఒకడు. కింద నవ్వే బొమ్మలు నాలుగు వందలు. ఈ దేశంలో పుస్తకాలు చదవడం లేదని ఏడుస్తాం కదా. చదివారు.

ముప్ఫై నాలుగేళ్ళ క్రితం నలుగురు పాఠకులు. ఇప్పుడు లక్ష.

3.20

వైకుంఠరావు ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది. ఏ నీళ్ళురా అవి, నిజం చెప్పు అన్నాడు. మా అబ్బాయి పోలీసు కంప్లయింటు అంటున్నాడు, ఏ నీళ్ళో తెలిస్తే చాలంటున్నాడు.

బిందెలోవి అంటే దమయంతి గుమ్మానికి పోలీసులు.

బాటిల్ నీళ్ళే, నువ్విచ్చినవే అన్నాను.

అమ్మయ్య అన్నాడు. అయితే రొయ్యలే అన్నాడు. అబద్ధం అంత బాగా పనిచేస్తుందని ఇన్ని పుస్తకాలు చదివినా నాకు తెలియలేదు.

డిసెంబరు 19, శుక్రవారం

పొద్దున్నే వాడి పోస్టు. మిత్రులకు మనవి. ఆ తల్లిని ఎవరూ అనుమానించవద్దు. ఆరోగ్య కారణాల వల్ల నేను తాగింది బాటిల్ నీళ్ళు మాత్రమే. నా ప్రాణమిత్రుడు తిరుమలరావు ముందే ఏర్పాటు చేశాడు. నా అస్వస్థతకు రొయ్యలే కారణం. మన మధ్య ఉన్న మానవత్వం, వగైరా.

మనసారా మంచి చేద్దామనే రాశాడు. అది కూడా రాయాలి. వాడు దుర్మార్గుడైతే నాకు ఎంత సుఖంగా ఉండేది.

పదకొండింటికి ఆసుపత్రికి వెళ్ళాను. దమయంతి మెషీను పక్కన పడుకుని ఉంది. ఆ పోస్టు చిట్టిబాబు ఫోన్లో చూపించాడట. నా వైపు తిరగలేదు. ఆడు తాగలేదని ఆడే సెప్పీసినాడు అంది. నేను అలా చెప్పక తప్పలేదు, పోలీసులు వచ్చేవారు అన్నాను.

వొచ్చినా బాగున్ను బావా అంది. నీల్లు పట్టుకెల్లి టెస్టు సేసుందురు. నా నీల్లు మంచివని కాయితం మీద రాసిద్దురు. నువ్వు నీ నోటితోనే పారబోసీసినావు.

పక్కన ఆమె సీసాలో నీళ్ళు గుక్కెడే తగ్గాయి. దాహమా అన్నాను. ఇంటికెల్లు అంది.

డిసెంబరు 20, శనివారం

ఏమీ లేదు.

డిసెంబరు 22, సోమవారం

బొడ్డమ్మ వచ్చింది. బ్యాంకు పని మీద పలాస వచ్చిందట, ఎండగా ఉందని మా వరండాలో కూర్చుంది. వరండా ఎక్కుతూనే పరీక్షగా నా వైపు చూసింది. నేను లేచి లోపలికి వెళ్ళబోయాను. ఆమె నోటికి ఇవాళ దొరకదలుచుకోలేదు.

ఆగండి మాస్టారు బాబూ అంది. మీ సావాసగాడు ఫోన్లో ఏదో రాసినాడంట గదా. మా మనవరాలు సదివి సెప్పింది. బాటిలు నీల్లు తాగినాడంట.

అవును అన్నాను.

అవునేటి అంది. నాను కత్తి కోసం వొంటింటి గుమ్మంలో నిలబడ్డాను గదా. దమయంతి బింది మూత తీసి ముంచింది, ఈ రెండు కల్లతో సూసినాను. మీరు బాటిలు సొక్కా కింద ఎట్టుకుని దొంగకోడిలాగ ఎనకాల నడిసినారు. అదీ సూసినాను.

మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.

ఆ రోజే ఊరంతా సెప్పీసినాను అంది. బింది నీల్లే తాగీసినాడొలె అని. అయినా జనం అటూ ఇటూ అన్నారు. ఆడికి కడుపు లెగిసిందంటే మరీ బయపడ్డారు. ఇప్పుడేమో ఆడు బాటిలని రాసీసినాడు. సూడండి బాబూ, అంత పెద్దోడు, తన పీకలో దిగిన నీల్లు ఏ నీల్లో తనకి తెలీదు. తెలీకపోయినా రాసీసినాడు. ఊరంతా సూసిందానికే ఇలగ రాసినోడు, మరి ఆ దినాల్లో ఆ యమ్మ బిందిలో సుక్కలేసినట్టు రాసినాడు గదా, అది ఎవలు సూసినారని రాసినాడు?

నేను వారపత్రికకి పంపిన పదకొండు పేజీల్లో ఈ ప్రశ్న లేదు. రూపం, వాస్తవికత, రచయిత నైతిక బాధ్యత, అన్నీ ఉన్నాయి. ఇది లేదు.

మరి నువ్వెందుకు తాగలేదు బొడ్డమ్మా ఇన్నేళ్ళు అన్నాను.

ఎవలూ తాగలేదు, నానూ తాగలేదు అంది. సిగ్గుపడలేదు. ఊరంతా ఇప్పుడు ఇదే మాటనుకుని నవ్వుకుంతన్నారు, నీల్లెరగని రచయితంట అని. లేచి చీర దులుపుకుంది. మీరేటి రాసీకండి, మల్లీ ఏదో ఒకటవుద్ది అని నాకు చెప్పి బస్సుకి వెళ్ళింది.

వైకుంఠరావు సాయంత్రం రెండుసార్లు ఫోన్ చేశాడు. డిశ్చార్జి అయ్యాడట. మనం కలిసి ఒక మంచి పని చేశాం కదరా అన్నాడు. వాడికి నిజం చెప్పలేదు. చెప్పను.

డిసెంబరు 24, బుధవారం

చిట్టిబాబు ఫోన్. ఊళ్ళోవాళ్ళు వచ్చి మంచినీళ్ళు అడిగి తాగుతుంటే మధ్యాహ్నం మూడింటికి దమయంతి ఇంట్లో బిందె అయిపోయిందట. కుళాయి వచ్చేది ఐదింటికి. ఎవరూ లేవకుండా అలాగే కూర్చున్నారట.